నాలుగు కన్నాల పొయ్యి

మనిషి నిప్పును ఎప్పుడు కనిపెట్టాడన్న విషయం మీద పండితులు గుహలు తవ్వారు, బూడిద జల్లెడ పట్టారు, ఒకరినొకరు గ్రంథాల్లో మర్యాదగా తిట్టుకున్నారు. కనిపెట్టిన ఆ నిప్పును పక్కింటికి వెళ్ళి మొదట అడిగి తెచ్చుకున్న మనిషి ఎవరన్నది మాత్రం ఒక్క పండితుడూ పట్టించుకోలేదు. న్యాయంగా చూస్తే నాగరికత ఆ రెండో మనిషితోనే మొదలైంది. మొదటివాడు ఒట్టి అదృష్టవంతుడు. రెండోవాడికి ఇరుగుపొరుగు ఉంది.

ఈ రెండో మనిషి వంశానికి బస్తరులో మిగిలిన ముఖ్య ప్రతినిధి రామక్క. ఇనుపకొండ కింద కంపెనీవాళ్ళు కట్టించిన లేబరు లైన్లలోకి, ఆవపల్లి నుంచి మొగుడినీ చంకలో కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చి దిగిన నాటి నుంచి, ఆమె తన పొయ్యికి ఒక్కనాడూ అగ్గిపుల్ల గీయలేదు. కొండ మీద ఎర్రరాయి తవ్వకం మొదలైన ఏడాది అది. ఆ తర్వాత కొండ సగం తరిగింది, రైళ్ళ మీద విశాఖపట్నం పోయి అక్కణ్నుంచి ఓడలెక్కి పరదేశాలకు వెళ్ళింది. ప్రపంచంలో ఇంత మార్పు జరిగినా రామక్క పద్ధతి మారలేదు. తెల్లవారగానే పగిలిన ఇంటిపెంకు ఒకటి చేతపట్టి, అందులో గుప్పెడు బూడిద పోసుకుని, వాకిట్లో నిలబడి ఆకాశం వంక చూసేది. ఏ కప్పు మీద పొగ లేస్తున్నదో తేల్చుకుని ఆ ఇంటికి బయలుదేరేది.

ఏ ఇంటికి పోవాలన్నది విదేశాంగ విధానంలాంటిది, దానికి నియమాలున్నాయి. పురుడు వచ్చిన ఇంట్లో నిప్పు అడగకూడదు. శుక్రవారం పూట ఇవ్వనివాళ్ళను శుక్రవారం అడిగి ఇబ్బంది పెట్టకూడదు. రాత్రి మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్న ఇంటికి మాత్రం తప్పక పోవాలి. నిప్పుకు పోయిన మనిషి అది ఆరేలోగా ఇల్లు చేరాలని లోకరీతి. రామక్క పెంకులో నిప్పు మాటల మధ్య ఆరిపోయేది, దానితో ఆమె ఇంకో ఇంటికి పోవలసి వచ్చేది. అలా మూడిళ్ళు తిరిగి వచ్చేసరికి లైను లైనంతటి వార్తలూ ఆమెకు తెలిసిపోయేవి. గుమ్మంలో బీడీ పట్టుకుని కూర్చున్న మొగుడు కాశయ్యకు వాటిని విప్పి చెప్పేది. కాశయ్య రాయి నలగ్గొట్టే క్రషరులో పని చేసేవాడు. ఆ మోతకు చెవులు మందగించాయని అందరూ జాలిపడేవారు గానీ, అన్నం పెట్టానన్న మాట ఆయనకు ఎంత మెల్లగా చెప్పినా వినపడేది.

అన్ని ఇళ్ళలోకీ ఆమె ఎక్కువగా నిప్పు తెచ్చుకున్నది వెంకమ్మ ఇంటి నుంచి. దీని వెనక దూరదృష్టి ఉంది. లైన్లలో దిగిన మొదటి రోజునే, రెండు గుమ్మాల అవతల చంటి ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వెంకమ్మను రామక్క చూసింది. తమ కులపువాళ్ళేనని, ఆవపల్లి పక్కనే పుట్టిల్లని రెండు మాటల్లో తేల్చుకుంది. తన చంకలోని పిల్లవాడి వంక చూసుకుంది. అప్పుడామె ముందు రెండు పిలుపులున్నాయి. అక్కా అని పిలిస్తే పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు. రామక్క ఆలోచించనైనా ఆలోచించకుండా “ఏం వదినె, కూర ఏంది?” అంది. ఆ ఒక్క పిలుపుతో ముందుముందు ఒక పెళ్ళికి దారి వేసి పెట్టిందన్నమాట. రాజ్యాల మధ్య సంధులు కూడా ఇంత తక్కువ మాటల్లో కుదరవు.

పిల్లవాడు సమ్మయ్య పెరిగి గ్యారేజీలో డంపర్ల చక్రాలు విప్పే పనిలో చేరాడు. చెవులు కాస్త పెద్దవన్న మాటే గానీ బుద్ధిమంతుడు. పిల్ల భద్రమ్మ పెరిగి పెద్దదై, సమ్మయ్యను బావా అని పిలవడానికి సిగ్గుపడే వయసుకు వచ్చింది. వెంకమ్మ మొగుడు మధ్యలో జ్వరమొచ్చి పోయాడు. కంపెనీ ఆమెకు క్యాంటీనులో అంట్లు తోమే పని ఇచ్చింది. ఇంటికి మగదిక్కు ఆవపల్లిలో ఉన్న అన్న రామయ్య. సంబంధం ఖాయం చేయాలంటే ఆయన నోటి నుంచి మాట రావాలి. ఆ వేసవిలో ఇప్పపూల పని అయ్యాక వస్తానని కబురు చేశాడు. రామక్క జీవితంలో ఇక ఆ ఒక్క మాటే మిగిలింది. పదిహేడేళ్ళు మోసిన నిప్పంతా దానికోసమే.

సరిగ్గా అప్పుడు చౌబే వచ్చాడు.

చౌబే భోపాలులో ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదివిన యువకుడు. పాత లైన్లు కూల్చి మూడంతస్తుల కొత్త ఇళ్ళు కట్టాలని కంపెనీ అనుకుని, ఆ పని ఆయనకు అప్పగించింది. పట్నాల్లో ఇళ్ళు మనుషుల్ని విడదీస్తున్నాయనీ, పక్కవాడి చావు వాసనను బట్టి తెలుసుకునే రోజులు వచ్చాయనీ, తాను మాత్రం మనుషుల్ని కలిపే ఇళ్ళు కడతాననీ ఆయన శపథం. కొండ ఎర్రమట్టితోనే ఇటుకలు, వాననీళ్ళు పట్టుకునే తొట్లు, కరెంటు పంకా లేకున్నా గాలి ఆడే కిటికీలు, నీడపట్టున కూర్చోవడానికి అరుగులు. అన్నీ మంచి సంగతులే. చౌబే చెడ్డవాడైతే ఎవరికీ ఇంత కష్టం వచ్చేది కాదు, నాలుగు తిట్లతో పోయేది.

ఇళ్ళు గీసే ముందు మనుషుల్ని చూడాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకని తెల్లవారుజామునే కెమెరా మెడలో వేసుకుని లైన్లలో తిరిగేవాడు. అక్కడ ఆయనకు కనిపించింది, పెంకులో నిప్పు పట్టుకుని ఇంటింటికీ పోతున్న రామక్క. చౌబే కదిలిపోయాడు. వెంటపడి ఫోటో తీశాడు. ఇదేమిటని కాశయ్యను మధ్య పెట్టి అడిగాడు. ఫోటో తీసినవాడు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే ఆడది ఏ దేశంలోనూ లేదు.

“మా లైనుల అందరిదీ ఒకటే పొయ్యి బాబూ. ఎవరింట్ల ముట్టించినా అందరికీ ఉడుకుతది,” అంది రామక్క, కొంగు సర్దుకుంటూ.

కాశయ్య దాన్ని హిందీలోకి మార్చాడు. ఆయన హిందీ క్రషరు దగ్గర నేర్చింది. యంత్రాల పేర్లకు దానిలో లోటు లేదు గానీ, గొప్పలకు చోటు లేదు. రామక్క గొప్పకు చెప్పిన మాట అక్కణ్నుంచి కొలతలతో సహా సత్యమై బయటికి వచ్చింది.

కొన్నాళ్ళకు క్లబ్బు హాల్లో అట్టముక్కలతో చేసిన కొత్త ఇళ్ళ నమూనా పెట్టారు. అంతస్తుకు నాలుగిళ్ళు. నాలుగింటికీ నడుమ ఒకే వంటగది. ఆ గదిలో ఒకే పొయ్యి. కట్టెలు పెట్టేది ఒక్కచోటే, పైన మాత్రం నాలుగు కన్నాలు, నాలుగు కుటుంబాల కుండలకు. పొగ పోవడానికి ఒకే గొట్టం. కట్టెల ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, అడవి బతుకుతుంది, ఆడవాళ్ళ కళ్ళు బాగుపడతాయి, మనుషులు కలుస్తారు. నమూనా వెనక గోడ మీద రామక్క ఫోటో, చేతిలో నిప్పు పెంకుతో, తలుపంత పెద్దది. దాని కింద హిందీలో ‘ఒకటే పొయ్యి’ అని రాశారు.

రామక్క ఆ రోజంతా గాల్లో తేలింది. జుట్టు దువ్వుకోనివ్వకుండా ఫోటో తీశాడన్న ఒక్క కష్టం తప్ప ఆమెకు మరేమీ తోచలేదు. లైను లైనంతా వెళ్ళి చూసి వచ్చింది. దుమ్ము ఎర్రగా పేరుకున్న క్లబ్బు మెట్లమీద జనం కూర్చుని, ఏ ఇంటికి ఏ కన్నం వస్తుందో పంచుకున్నారు. లైనులో మూడో గుమ్మంలో ఉండే ఆడమనిషి మాసే మాత్రం తన ఎండుచేప ఇతరుల కుండల్లోకి వాసన కొడుతుందని ముందే చెబుతున్నానంది. చెప్పాక నాది తప్పు లేదు అంది.

నాలుగో రోజున రామయ్య దిగాడు. ఆవపల్లి నుంచి కొంత నడక, కొంత జీపు, గీదంలో బస్సు మారి వచ్చినందుకు కాళ్ళూ మనసూ రెండూ వాచి ఉన్నాయి. రామక్క కాళ్ళకు నీళ్ళిచ్చింది, కోడిని కోసింది, జీలుగకల్లు తెప్పించింది. అన్నీ అయ్యాక ఆయన కొత్త ఇళ్ళు చూస్తానన్నాడు. రామక్క తానే దగ్గరుండి క్లబ్బుకు తీసుకెళ్ళింది. ఫోటో చూపించాలన్న ఆశే ఆమెను అక్కడికి నడిపించింది.

రామయ్య ఊళ్ళో పెద్దమనిషి. పెద్దమనుషులకు ఏ వస్తువైనా చుట్టూ ఒకసారి తిరిగి చూసే అలవాటుంటుంది. ఆయన నమూనా చుట్టూ తిరిగాడు. వంటగది దగ్గర ఆగాడు. అట్టపొయ్యి మీద కన్నాలు వేలితో ముట్టాడు.

“ఇండ్లు ఎవరెవరికి ఎక్కడ?”

ఇప్పుడు పక్కపక్కన ఉన్నవాళ్ళు అక్కడా పక్కపక్కనే ఉంటారని, చౌబే సారు మాట ఇచ్చాడని, అంటే వెంకమ్మా తానూ ఒకే అంతస్తని రామక్క సంతోషంగా చెప్పింది.

“అంటే రెండిండ్లకూ పొయ్యి ఒకటే.”

“ఒకటే పెద్దాయనా. కట్టె కలిసొస్తది.”

“ఒక పొయ్యి మీద వండుకునేటోళ్ళను ఏమంటరు రామక్కా?”

దానికి జవాబు రామక్కకు తెలుసు. ఒక పొయ్యి మీద వండుకునేవాళ్ళను ఒక ఇంటివాళ్ళంటారు. అన్నదమ్ములు విడిపోతే పొలం పంచుకోకముందే పొయ్యి వేరు పెట్టుకుంటారు. వేరు పొయ్యి పడిందాకా వేరు ఇల్లు కాదు. ఒక ఇంట్లో పిల్లా పిల్లాడూ ఏమవుతారో పెద్దమనిషి చెప్పనక్కరలేదు. కానీ ఆయన చెప్పాడు.

“అన్నా చెల్లె. చెల్లెను అన్నకిచ్చే ఆచారం మా ఆవపల్లిల లేదు. మీ కంపెనీల ఉందేమో నాకు తెల్వదు.”

ఇంకా పొయ్యి కట్టలేదు కదా అంది రామక్క. కట్టాక అందులోకి పోతావు కదా అన్నాడాయన. అయినా కట్టేదాకా ఎందుకు, మీది ఇప్పటికే ఒకటే పొయ్యి అని నీ బొమ్మ కిందనే రాశారట కదా, చదువుకున్నవాళ్ళు అబద్ధం రాస్తారా అన్నాడు. పొయ్యి సంగతి తేలేదాకా మాట ఇవ్వనన్నాడు. కల్లు మాత్రం మిగల్చకుండా తాగి, మర్నాడు బస్సెక్కాడు.

రామక్క ఊరుకునే మనిషి కాదు. కాశయ్యను లాక్కుని చౌబే దగ్గరికి పోయింది. వంటగదిలో అడ్డంగా ఒక గోడ కావాలంది. ఎందుకని ఆయన అడిగాడు. పెళ్ళి మాట ఖాయం కాకముందు పరాయివాడి ముందు ఎత్తడం మర్యాద కాదు. అందుకని ఆమె పొగ అంది. పొగ గొట్టంలో పోతుందని ఆయన బొమ్మ గీసి చూపించాడు. మాసే వండే ఎండుచేప వాసన అంది. గాలి ఏ వైపు నుంచి ఏ వైపు వీస్తుందో బాణం గుర్తులు వేసి చూపించాడు. చీకటి అంది, ఉక్క అంది. ఆమె ఎత్తిన ప్రతి అభ్యంతరానికీ ఆయన దగ్గర ఒక కిటికీ ఉంది. చివరికి చౌబే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఈ ఇంటికి తల్లివి నువ్వే, నీ నిప్పును చూసే నేను ఈ ఇల్లు గీశాను, నువ్వే గోడ అడగడం న్యాయమా అన్నాడు. కాశయ్య దాన్ని తెలుగులో ఇలా చెప్పాడు. “కుదరదంట.”

పోనీ మమ్మల్ని వేరే అంతస్తులో వెయ్యమని అడిగింది. పాత ఇరుగుపొరుగును విడదీయకూడదన్నది ఆ పథకానికి ప్రాణం. ఒకరి ముఖం ఒకరు చూడలేనంత పగ ఉన్నవాళ్ళను మాత్రం, కార్మికుల బాగోగులు చూసే కంపెనీ ఉద్యోగి వెల్ఫేర్ బాబు కళ్ళారా చూసి రాస్తే, విడదీయవచ్చు.

రామక్క తిరిగి వస్తూ దారిపొడుగునా మాట్లాడలేదు. కాశయ్య భయపడ్డాడు. ఇల్లు చేరగానే ఆమె వెంకమ్మను పెరట్లోకి పిలిచింది. సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఇద్దరూ కూర్చుని ఒక పగను తయారు చేశారు. నల్లా దగ్గర బిందె వంతు గురించి పోట్లాట మొదలు కావాలి. తిట్లు ఎక్కడిదాకా పోవచ్చో హద్దులు పెట్టుకున్నారు. చచ్చిపోయిన మనిషి మాట రాకూడదు. పిల్లల మాట రాకూడదు. వంట మాట అసలే రాకూడదు. ఇంత ఐకమత్యంతో శత్రుత్వం పెట్టుకున్నవాళ్ళు చరిత్రలో అరుదు.

మర్నాడు వెల్ఫేర్ బాబూ చౌబే ఇద్దరూ లైన్లలోకి వచ్చే వేళకు నల్లా దగ్గర పోట్లాట సిద్ధంగా ఉంది. రామక్క వెంకమ్మ బిందెను కాలితో జరిపింది. వెంకమ్మ అనుకున్నట్టుగానే వంతు నాదంది. మొదట్లో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. జనం పోగయ్యారు. మాసే ముందు వరసలో చతికిలపడింది. జనం చేరితే తిట్టుకు ఊపు వస్తుంది, అది ఎవరి చేతిలోనూ ఉండదు.

“పదిహేడేండ్ల సంది నా పొయ్యిల నిప్పు మోసుకపోతున్నవ్,” అంది వెంకమ్మ. “ఒక్కనాడన్న ఓ కట్టెపుల్ల తెచ్చి పెట్టినవా వదినె?”

ఇది నిన్న అనుకున్న మాటల్లో లేదు.  వెంకమ్మ గొంతులో నటన లేదని రామక్కకు తెలిసిపోయింది.

“నీ పొయ్యిల నిప్పుంటే గదా, అంత పొగనే. నీ చేతి కూర తిన్నోడికి మళ్ళ ఉప్పు కొనే పని లేదు.”

“అందుకేనా రోజూ గిన్నె పట్టుకొస్తవ్?”

“నీ బిడ్డను చేసుకుంటున్నననే మురిపెం. ఇంకెవరడుగుతరే నిన్ను?”

“చేసుకుంటవ్, ఎందుకు చేసుకోవు. నీ కొడుకు చెవులు చూసినంక ఇంకెవరిస్తరు? చాటల లెక్క ఉన్నయ్. గాలొస్తే లేచి పోతడేమోనని నా బిడ్డ కొంగు పట్టుకోవాలె.”

జనం నవ్వారు. గ్యారేజీ నుంచి అన్నానికి వచ్చిన సమ్మయ్య ఆ నవ్వు వెనక నిలబడి ఉన్నాడు. రామక్క బిందె ఎత్తుకుని, నీళ్ళు నింపుకోకుండానే ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాట లేదు. రామక్క మాసే ఇంటికి నిప్పుకు పోయింది.

పగ రుజువైంది, కానీ చౌబే దాన్ని తన కళ్ళతో చూశాడు. చూసినవాడు చలించిపోయాడు. ఈ రెండు కుటుంబాలకే అందరికంటే ఎక్కువగా ఒక పొయ్యి అవసరమని రాశాడు. విడదీస్తే ఈ గాయం మానదు, కలిపితే మానుతుంది. ఒకే అంతస్తు. ఒకే వంటగది. పక్కపక్క కన్నాలు.

వానలు వెలిశాక కొత్త ఇళ్ళలోకి దిగారు. ఇళ్ళు నిజంగా బాగున్నాయి. గాలి వచ్చింది, వాననీళ్ళు తొట్లలో నిలిచాయి, మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగు జరిగినప్పుడు వెనకటిలా గిన్నెలు అటక మీంచి దొర్లలేదు. అరుగుల మీద కుక్కలు సుఖంగా పడుకున్నాయి. ఇక మిగిలింది పొయ్యి. దాన్ని ముట్టించినవాళ్ళే ముందు కట్టె పెట్టాలి. మిగతా మూడు కన్నాలకూ ఊరికే ఉడుకుతుంది. అందుకని తెల్లవారాక నాలుగిళ్ళ ఆడవాళ్ళూ తలుపు సందుల్లోంచి ఒకరినొకరు చూస్తూ నిలబడేవారు. అందరూ రెండో మనిషి కావాలనే చూశారు. మొదటి మనిషి దొరకలేదు. నాలుగో ఇంటివాళ్ళు, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన క్రేను ఆపరేటరు కుటుంబం, మొదటి రోజే కిరసనాయిలు స్టవ్వు కొనుక్కుని తమ గదిలో తలుపేసుకున్నారు. మిగిలిన ముగ్గురిలో మాసేకు నిప్పుకు దగ్గరి కన్నం వచ్చింది. ఆమె కుండ ముందు పొంగేది. గొట్టానికి దగ్గరగా ఉన్న రామక్క కన్నం గోరువెచ్చగా ఉండేది. అన్నం ఉడకక ముందే కాశయ్య షిఫ్టు అయిపోయేది.

రామక్కకు అసలు కష్టం అది కాదు. ఇంట్లోనే నిప్పుంది, ఇంక ఎవరింటికి పోవాలి? పెంకు అటక మీద పడింది. ఎవరికి పురుడొచ్చిందో, ఎవరి మొగుడు తాగొచ్చాడో ఆమెకు తెలియకుండా పోయింది. మనుషుల్ని కలపడానికి కట్టిన ఇంట్లో ఆమె గోడకు చేరగిలి కూర్చుని కాశయ్యను చూసేది. కాశయ్య దగ్గర వార్తలేముంటాయి.

ఈలోగా ఆవపల్లి నుంచి కబురు వచ్చింది. రామయ్య మేనకోడలికి ఉసూరు వైపు ఒక సంబంధం చూస్తున్నాడు. పొలముంది, పశువులున్నాయి, ముఖ్యంగా పొయ్యి వేరు. ఆ కబురు మాసే తెచ్చింది, మాసే కాబట్టి గట్టిగా చెప్పింది. వంటగదిలో రెండు కన్నాల ముందు రెండు వీపులు ఒక్కసారే బిగుసుకున్నాయి.  ఆ పూట రామక్క కుండలో గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది.

వెంకమ్మ సుద్దముక్క తీసుకుని పొయ్యి మీద గీత గీసింది. గీత దాటి నీ గంజి రాకూడదని మాసేకు చెప్పింది, రామక్క వినాలని. మర్నాడు గీత మీద గోనెపట్టా వేలాడింది. ఆ పట్టాను చూస్తూ రామక్క చాలాసేపు కూర్చుంది. చౌబే చుట్టూ తిరిగి, బాబు చుట్టూ తిరిగి, దొంగ పోట్లాట పోట్లాడి తాను సాధించలేనిది నిజం పోట్లాట కొన్ని నెలల్లో ఇక్కడిదాకా తెచ్చింది. ఆమె లేచి, ఎటూ చూడకుండా, ఇంట్లోకి వినపడేలా అంది.

“గోనెపట్టా ఏందిరా సమ్మయ్యా. పగంటే గోడ ఉండాలె.”

 పట్టా అవతల వెంకమ్మ తన కూతురితో అంది, “భద్రమ్మా, మట్టి తడుపు.”

ఆ గోడ కట్టిన తీరు గురించి కొంచెం చెప్పాలి. లోకంలో గోడలు పెద్దలు కడతారు, ప్రేమించుకున్నవాళ్ళు దూకుతారు. ఇక్కడ ఇటుకలు మోసింది సమ్మయ్య, కట్టడాల దగ్గర మిగిలిపోయిన చౌబే ఇటుకలే. మట్టి తొక్కింది భద్రమ్మ. ఇద్దరూ చెరోవైపూ నిలబడి, మధ్యలో గోడ లేస్తుంటే ఒకరికొకరు ఇటుకలు అందించుకున్నారు. గోడ వంకర పోతే సరిచేశారు, సందులుంటే నింపారు. గోడ ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి చీకటి పడింది, ఇక చాలన్నారు పెద్దవాళ్ళు. ఇంకో వరస వేస్తామన్నారు పిల్లలు. మాసే తనవైపు కూడా ఒక గోడ కావాలంది, ఖర్చు లేనిది ఎవరికి చేదు. చివరగా సమ్మయ్య గునపంతో నాలుగు కన్నాల పొయ్యిని మూడు ముక్కలు చేశాడు. వెంకమ్మ అతని చెవుల వంక చూసి, ఏమనుకుందో, చెంబుతో మంచినీళ్ళు గోడ మీద పెట్టింది.

రామయ్యకు కబురు పోయింది. ఆయన వచ్చాడు. గోడను పెద్దమనిషి చూడవలసిన విధంగా చూశాడు. అరచేత్తో కొట్టాడు, ఊగుతుందేమోనని భుజంతో ఒత్తాడు. తల పైకెత్తి గొట్టం చూశాడు.

“పొగ ఒకటే పోతున్నది గదా.”

 గొట్టం పడగొట్టాలంటే ఇంటికప్పు తియ్యాలి. కాశయ్య, ఆయన ఎప్పుడో గానీ నోరు విప్పడు కాబట్టి అందరూ అటు తిరుగుతుండగా, మెల్లగా అన్నాడు. “పైకి పోయినంక ఊరి పొగలన్నీ కలుస్తయి గద అన్నా. ఆవపల్లిల కలవవా?”

రామయ్య ఆలోచించి పొగకు చుట్టరికం లేదని తీర్పు చెప్పాడు. తర్వాత గోడ మీదుగా ఒక గిన్నె అందించి చూశాడు. గిన్నె దాటింది. ఇది ఎట్లా అన్నాడు. దానికి ఆయనే జవాబు చెప్పుకున్నాడు, ఇచ్చుకోవడం వేరు, కలిసి వండుకోవడం వేరు. ఇల్లు వేరైతేనే ఇచ్చుడు ఉంటది. చివరగా ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారా అని అడిగాడు. నెలల నుంచీ లేదని మాసే చెప్పింది.

“వియ్యపురాండ్రకు ఇంకేం గావాలె,” అని రామయ్య కూర్చుని కల్లు తెమ్మన్నాడు. మాట ఇచ్చినట్టే.

చౌబే కూడా గోడను చూశాడు. కాసేపు అరుగు మీద కుక్కల పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి గోడను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీశాడు. ఇంట్లో ఉండేవాళ్ళు తమ ఇంటి నిర్మాణంలో స్వయంగా పాలు పంచుకున్నారని, స్థానిక మట్టితో, సొంత శ్రమతో, సామూహికంగా కట్టారని ఆయన రాసిన వ్యాసం భోపాలులో ఒక సభలో చదివారట. గోడ మీద ఆరేసిన రామక్క చీర కూడా ఫోటోలో పడింది. అది ఆమెకు నచ్చింది. ఈసారి దువ్వుకోవలసింది ఏమీ లేదు.

మాట ఇచ్చిన మర్నాడు తెల్లవారింది. మూడు పొయ్యిలూ చల్లగా ఉన్నాయి. కొంతసేపటికి గోడ అవతల పుల్లలు విరిచిన చప్పుడయింది, పొగ గొట్టంలోకి పోయింది. రామక్క అటక మీది పెంకు తీసి దుమ్ము దులిపి గుప్పెడు బూడిద పోసుకుంది. గోడ మీంచి చెయ్యి చాపితే నిప్పు అందుతుంది. అలా చాపడం పద్ధతి కాదు. ఆమె వంటగదిలోంచి తన ఇంట్లోకి, ఇంట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వెంకమ్మ గుమ్మం ముందుకు నడిచి వెళ్ళి నిలబడింది.

“వదినె, ఇంత నిప్పు పెట్టు.”

 లోపలి నుంచి వెంకమ్మ గొంతు వచ్చింది.

“పుల్ల తెచ్చినవా?”

రామక్క నడుముకు చెక్కుకున్న కట్టెపుల్ల తీసి గుమ్మం లోపల పెట్టింది. వెంకమ్మ దాన్ని తిప్పి చూసి, పచ్చిది అంది. పొయ్యిలో మాత్రం పెట్టింది. పెళ్ళి ఎప్పుడన్న దగ్గర మొదలై, ఎన్ని కోళ్ళన్న దగ్గర ఆగి, క్రేను ఆపరేటరు భార్య పుట్టింటికి ఎందుకు పోయిందన్న దగ్గర మళ్ళీ మొదలైంది మాట. పెంకులో నిప్పు ఆరిపోయింది. వెంకమ్మ మళ్ళీ పెట్టింది. అది కూడా ఆరిపోయింది. మూడోసారి పెట్టించుకుని, పొద్దెక్కాక, రామక్క కొంగు అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చింది.

కాశయ్య గుమ్మంలో కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది.